నలభైసార్లు పూడ్చిన గుంత

మునిసిపాలిటీలో రోడ్ల గుంతలు పూడ్చే ఆ మేస్త్రీని అందరూ 'నిదానం' అనేవారు. అంచులు చెక్కి, దుమ్ము ఊడ్చి, తారూ కంకరా గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టందే ఆయన లేచేవాడు కాదు. రోజుకు మూడు గుంతలయితే గగనం.

కొత్త ఇంజనీరు వచ్చి, ఎవరెన్ని పూడ్చారో గోడమీద పట్టిక వేయించాడు. పక్క వార్డు మేస్త్రీ రోజుకు ఇరవైతో మొదట నిలిచాడు. నిదానం అట్టడుగున పడ్డాడు.

"మీరేమన్నా కోట కడుతున్నారా? తట్టెడు కంకర పోసి వచ్చెయ్యరాదూ!" అని భార్య దెప్పింది.

కొన్నాళ్ళకు నిదానం వార్డులో గుంతలే మిగల్లేదు. పట్టికలో సున్నా పడింది.

"ఏం మేస్త్రీ, నెలంతా నిద్రపోయావా?" అన్నాడు ఇంజనీరు.

"నేను పూడ్చినవి మళ్ళీ ఊడలేదండీ. ఊడినవెన్నో కూడా ఓ గడిలో రాయించండి."

ఇంజనీరు నవ్వుతూనే పాత చిట్టాలు తిరగేయించాడు. మొదటి ర్యాంకు మేస్త్రీ లెక్కలో నలభై గుంతలు నిజానికి బడి ముందున్న ఒకే ఒక్క గుంత! అతని ప్రశంసాపత్రం అప్పటికే గోడెక్కింది. దించడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఆ గుంతకు నిదానాన్నే పంపారు. ఆయన పూటంతా కూర్చుని పూడ్చాడు. గుమాస్తా ఆయన పేరు ఎదురుగా 'ఒకటి' అని రాశాడు. నిదానం ఆ అంకెను తృప్తిగా చూసుకుని ఇంటిదారి పట్టాడు.