రెండు వందల ఎనభై ఎనిమిది

పన్నెండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. రెండు వందల ఎనభై ఎనిమిది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఆ అంకెతో నేనొక పెద్దాయన పరువు తీశాను. పోయింది పరువొక్కటే అయితే ఇన్నేళ్లు మోసేవాణ్ని కాదేమో.

రిటైరయ్యాక కెనడాలోని కనాటాలో ఇంట్లో కూర్చోలేక, దగ్గర్లోని చిన్న విమానాల మ్యూజియంలో వాలంటీరుగా చేరాను. జీవితమంతా ఇంజినీరుగా బతికినవాణ్ని. నాకు కథల కంటే కొలతల మీద నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన ఫైటర్ విమానం జీరోనీ, దానితో పోరాడిన బ్రిటిష్, అమెరికన్ విమానాలనీ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారుచేశాను. ఏ ఎత్తులో ఏది ఎంత వేగం, ఏది త్వరగా పైకెక్కుతుంది, ఏది చిన్న మలుపులో తిరుగుతుంది. దాన్ని గోడకు పెట్టారు. శనివారాలు దాని ముందు నిలబడి వచ్చినవాళ్లకు వివరించేవాణ్ని. బాగా చెబుతానని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే ఎక్కింది.

ఆర్థర్ గారు అక్కడికి వస్తుండేవారు. తొంభై దాటిన మనిషి. జపాన్ వాళ్లు సిలోన్ మీద దాడి చేసినప్పుడు హరికేన్ విమానం నడిపిన కెనడియన్ పైలట్. కూతురు మార్గరెట్, తానుండే మిల్టన్ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఆయన్ని కార్లో తీసుకొచ్చేది. ఆయనకు ఒకటే కథ. ప్రాణస్నేహితుడి విమానం వెంట ఒక జీరో పడింది. ఆర్థర్ గారు ఇంజన్ వేగం పెంచే పిడిని చివరిదాకా తోసి దాన్ని తరిమారు. అందుకోలేకపోయారు. స్నేహితుడు ఆయన కళ్లముందే సముద్రంలో కూలిపోయాడు. "దూరం తగ్గలేదు" అనేవారు చివర్లో, ప్రతిసారీ, అదే మాట.

ఆ శనివారం మన తెలుగువాళ్లు నాలుగైదు కుటుంబాలు నేను పిలిస్తే వచ్చారు. ఆర్థర్ గారు మళ్లీ ఆ కథ చెప్పారు. నేను ఊరుకుంటే ఏం పోయేది? కానీ అంతమంది మనవాళ్ల ముందు, నా పట్టిక ఒకటి చెబుతుంటే ఆయన ఇంకోటి చెబుతున్నారు. వేలు పెట్టి చూపించాను.

"సర్, జీరో వేగం గంటకు రెండు వందల ఎనభై ఎనిమిది మైళ్లు. మీ హరికేన్‌ది మూడు వందల ఇరవై. మీరు అందుకుని ఉండాలి."

ఆయన దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆ గడిలోని అంకెను చదివారు.

"ఇది ఖాయమేనా?"

"లెక్క అబద్ధం చెప్పదు సర్."

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "అయితే నేను పూర్తి వేగంతో వెళ్లి ఉండను. భయపడి ఉంటాను."

మార్గరెట్ తండ్రి చెయ్యి పట్టుకుంది. మనవాళ్లలో ఒకాయన నా వెనకనుంచి, "అంకుల్, ఫుల్ క్లారిటీ ఇచ్చేశారు!" అన్నాడు. నేను నవ్వాను. అదీ చెప్పాలి కదా. నవ్వాను.

మంగళవారం వేరే ఏదో సందేహం వచ్చి, పట్టికకు ఆధారమైన కాగితాలు తీశాను. జపాన్ నౌకాదళం వేగాన్ని సముద్రపు మైళ్లలో రాసుకునేది. సముద్రపు మైలు మామూలు మైలు కన్నా పెద్దది. ఆ రెండు వందల ఎనభై ఎనిమిది, మామూలు మైళ్లలో మూడు వందల ముప్ఫై దాటుతుంది. నేను మార్చకుండానే గడిలో దింపేశాను. ముందు యూనిట్లు చూసుకోండయ్యా అని జూనియర్లను ముప్ఫై ఏళ్లు సతాయించిన మనిషిని. పైగా వేడి దేశాలకు పంపిన హరికేన్‌లకు ముక్కు కింద ఇసుక వడపోత బిగించేవారు, దానివల్ల వేగం ఇంకా తగ్గేది. అంటే జీరోనే ముందు. ఆయన ఎంత తోసినా దూరం తగ్గదు.

మా ఆవిడకు చెప్పాను. "ఫోన్ చేసి సారీ చెప్పెయ్యండి, ఏం పోతుంది? పాపం పెద్దాయన" అంది. ఎదురుగా చెప్పడమే మర్యాద, శనివారం వస్తారుగా అన్నాను. ఈలోగా కొత్త పట్టిక ప్రింట్ తీసి, ఎవరూ లేనప్పుడు పాతదాని మీద అంటించేశాను. ఆయన ఆ శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆయన నంబరు మ్యూజియం రిజిస్టర్‌లో ఉంది. రెండుసార్లు నొక్కి, మోగేలోపే పెట్టేశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు తీసుకునే వీలుండింది. తీసుకోలేదు.

మంచు కరిగాక మార్గరెట్ ఒక్కతే వచ్చింది. తండ్రి చలికాలంలో పోయారని చెప్పి, ఆయన విమానయానాల లాగ్‌బుక్ నా చేతిలో పెట్టింది. నిజం చెప్పిన ఇంజినీరుకు ఇమ్మన్నారట. ఆ శనివారం తర్వాత ఆయన, చనిపోయిన స్నేహితుడి చెల్లెలికి ఉత్తరం రాశారట. ఇన్నేళ్లూ మీకు అబద్ధం చెప్పాను, భయపడి వెనకబడ్డాను, క్షమించమని. జవాబు రాలేదు. చివరిదాకా రోజూ మెయిల్‌బాక్స్ చూసి రమ్మనేవారట.

నేనేం చేశాను? రెండు చేతులా ఆ పుస్తకం అందుకుని థాంక్యూ అన్నాను. ఆమె వెనక గోడ మీద సరిచేసిన పట్టిక ఉంది. తల తిప్పి చూడమనలేదు. ఆమె గుండె పగులుతుందని ఊరుకున్నానా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆమె కళ్లలో నేనేమవుతానో అని ఊరుకున్నాను.

ఇంటికొచ్చి లాగ్‌బుక్ తెరిచాను. స్నేహితుడు కూలిన రోజు వరుసలో, పాతికేళ్లయినా లేని కుర్రవాడి చేతిరాతలో, సిరాతో ఉంది: పూర్తి వేగం, దూరం తగ్గలేదు. ఆ మాటల మీద బాల్‌పెన్నుతో వణికిన గీత ఒకటి. కొట్టేసుకున్నారు. నా మాట నమ్మి.

ఇప్పటికీ ఎవరైనా దేని గురించైనా లెక్క తప్పిందంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. ఇది తెలుగులో రాయడంలోనూ పిరికితనం ఉంది. మార్గరెట్‌కు తెలుగు రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే నాకు కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆర్థర్ గారూ, మీరు సిరాతో రాసిందే నిజం. లెక్క తప్పింది నాది. మంగళవారానికే నాకు తెలుసు.