తాత లక్ష్మమ్మ ఇంటికి నడిచిన రోజు

మా చిన్నప్పుడు... తాత వీధిలోకి వస్తున్నాడంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు. బీడీలు వెనక్కి దాచేవాళ్ళు. ఆత్మకూరు దగ్గర మా ఊళ్ళో ఏ తగాదా వచ్చినా ఆయన మాటే ఆఖరు. తాత చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, వాళ్ళంతా నాకోసమే లేస్తున్నట్టు ఉండేది... అంత గొప్ప నాకు!

నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు మా కోడెదూడను కుడితి కోసం విప్పాను. మళ్ళీ కట్టేయడం మరిచి ఆటకు పోయాను. తిరిగొచ్చేసరికి అది దొడ్లోనే ఉంది... కానీ నోటి నిండా పల్లి ఆకు! గబగబా కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మా దొడ్డి పక్క చేను నర్సిములు వచ్చి, పల్లి చేను నాలుగు సాళ్ళు మేసిపోయిందని మొత్తుకున్నాడు. ఆ గట్టు మీదుగా రోజూ బర్రెలను తోలుకుపోయేది లక్ష్మమ్మ. భర్త లేడు. రెండు బర్రెల పాలతోనే పిల్లలను సాకేది. తాత ఆమెను పిలిపించాడు.

"నా బర్లు గాదు పెద్దయ్యా... నా కండ్ల ముందే ఉండె" అంది లక్ష్మమ్మ.

"నోరు ముయ్! రేపటి సంది ఆ గట్టు మీద నీ బర్లు కనవడొద్దు" అన్నాడు తాత, అందరి ముందే.

పక్కనే కూర్చున్న నేను తాత వీపు చాటుకు జరిగాను.

మర్నాటి నుంచి లక్ష్మమ్మ గుట్ట చుట్టూ తిరిగి వాగుకు పోయేది... ఎండలో, చెప్పుల్లేని కాళ్ళతో. మూడో రోజు మా ఇంటి ముందు నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వింది. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అంది.

ఇక నావల్ల కాలేదు. అన్నం తింటున్న తాత దగ్గరికి పరుగెత్తి, వెక్కుతూ అంతా చెప్పేశాను.

కొడతాడనుకున్నాను. తాత కలిపిన ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత రుమాలు తలకు చుట్టుకున్నాడు.

"నువ్వు పోవుడేంది? కబురంపితే ఆమెనే వస్తది గద" అంది అవ్వ.

"తిట్టినప్పుడు ఊరందరి ముందట తిట్టిన. ఇప్పుడు ఇంట్ల కూసోని చెప్తే ఏం లెక్క?"

నన్నూ రమ్మన్నాడు. మండే ఎండలో లక్ష్మమ్మ గడప ముందు నిలబడి పిలిచాడు. ఇరుగుపొరుగంతా బయటికొచ్చారు.

"లక్ష్మమ్మా... నీ బర్లు గాదు, మా దూడనే మేసింది. ఏం అర్సుకోకుండ, అడగకుండ నిన్ను అన్న. తప్పు నాది."

"కాదు తాతా, నేనే..." అనబోయాను. "నువ్వు చిన్నదానివి. సూడాల్సింది నేను" అన్నాడు.

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత, "జర కూసో పెద్దయ్యా, ఎండల వడి వచ్చినవ్" అని మంచం వాల్చి, చెంబుతో చల్ల ఇచ్చింది. తాత గడగడా తాగేశాడు. అటు నుంచి అటే నర్సిములు ఇంటికి పోయి, మా పల్లి చేలో నాలుగు సాళ్ళు పీక్కోమన్నాడు.

తిరిగి వస్తుంటే అడిగాను... "తాతా, నీకు సిగ్గు గాలేదా?"

"అయింది బిడ్డా... శానా అయింది. ఈ గల్లీ ఇంత పొడుగున్నదని ఇయ్యాల్నే తెల్సింది."

పెద్దరికం అంటే ఏమిటో నాకు ఆ గల్లీలోనే కొంచెం అర్థమైంది.

ఇప్పుడు నేను వనపర్తిలో ఒక బడిలో టీచర్‌ని. మొన్న చెయ్యని తప్పుకు ఒక పాపను క్లాసులో అందరి ముందూ కోప్పడ్డాను. నిజం తెలిశాక స్టాఫ్ రూముకు పిలిచి మెల్లగా చెబుదామనుకున్నాను... మనసొప్పలేదు. క్లాసుకే వెళ్ళి, అందరి ముందే "తప్పు నాదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట నోటి దాకా రావడానికి ఎంత కష్టమైందో!

ఇప్పుడు ఊరూరా ఫ్లెక్సీల నిండా పెద్దమనుషులే... కానీ ఒకరి గడపకు పోయి 'తప్పు నాది' అన్నవాళ్ళ గురించి విని ఎన్నేళ్ళయిందో. మీ ఇళ్ళలో అలాంటి పెద్దవాళ్ళు ఉంటే చెప్పండి... వినాలని ఉంది.