సామాను కింద పెట్టి ఎక్కిన కొండ

మా హాస్టల్లో ఎవరికైనా సెలవు దొరికిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా ఆ మనిషి మంచం మీద పొట్లాలు పడతాయి. జెద్దాలో మా తెలుగు నర్సుల ఆచారం అది. ఒకరు పాలపొడి డబ్బాలిస్తారు, ఇంకొకరు షరఫియా బజారులో కొన్న చీరలిస్తారు. మరొకరు గాజులు గుడ్డలో చుట్టి, "భద్రమే, భుజం మీంచి బ్యాగు దించకు" అంటారు. పాలకొల్లు నుంచి ఏలూరు దాకా నేను సామాను మోయని ఊరు లేదు. నా సెలవంతా పొట్లాలు పంచడంతోనే సరిపోయేది.

ఒక ఏడాది మాత్రం మోయనన్నాను. మా వార్డులో మిషన్ల కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరొకటి ఉండేది. అందులో జపాన్ కొండ బొమ్మ, పేరు యారిగటాకె. యారి అంటే వాళ్ళ భాషలో ఈటె అట. నిజంగానే ఆకాశాన్ని పొడిచేలా ఉంటుంది. నెల మారినా ఆ కాగితం తిప్పనివ్వలేదు నేను. సౌదీ దాటి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికి రాగానే జపాన్‌కి టికెట్ తీశాను.

"నలభై దాటాక కొండలెక్కడమేంటే? ఉన్న ఒక్క సెలవూ తగలేస్తావా?" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

"నా సెలవు అన్నయ్యా. తగలేసినా నేనే తగలేస్తాను."

నా గదిలో ఉండే పెద్ద నర్సుని అక్కా అని పిలుస్తాను. ఆవిడ వారం దాకా టీ తనకొక్కదానికే పెట్టుకుంది. ఆవిడ బాధ కొండ గురించి కాదు, తన పొట్లం గురించి.

ప్రయాణానికి ముందు, కాళ్ళకి అలవాటవ్వాలని వారం సెలవు రోజుల్లో తాయిఫ్ దారిలో అల్ హదా కొండ దగ్గరికి పోయి, పాత ఒంటెల బాట ఎక్కేదాన్ని, బ్యాగు నిండా నీళ్ళ సీసాలతో. రాళ్ళ మీద కోతులు కూర్చుని చూసేవి. వాటికీ నామీద నమ్మకం ఉన్నట్టు లేదు. మా అన్నయ్యకే లేనప్పుడు వాటిననడం ఎందుకు.

జపాన్‌లో కామికోచి నుంచి నది వారగా చాలాసేపు చదును దారే. నీళ్ళెంత తేటో, అడుగున గులకరాళ్ళు విడివిడిగా కనిపించాయి. తర్వాత లోయ ఇరుకైంది. వేసవైనా కరగని మంచు చారలు, పక్కన పసుపు పూలు. ఇంకా పైన చెట్లు నిలబడడమే మానేశాయి. గాలికి తట్టుకోలేక పైన్ పొదలు నేలబారుగా పాకుతున్నాయి. వాటిలోంచి కోడిలాంటి పక్షి ఒకటి పిల్లల్ని వెంటేసుకుని నా కాళ్ళ ముందు నుంచే తాపీగా దాటింది. దానికి మనిషంటే లెక్కే లేదు. నాకు అది తెగ నచ్చింది.

ఈటె మొన కింద కొండ భుజం మీద ఒక బస ఉంది. అక్కణ్ణుంచి నిట్టనిలువు రాయి, గొలుసులు, ఇనుప నిచ్చెనలు. నేను బ్యాగుతోనే ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి నిచ్చెన సగంలో బ్యాగు వెనక్కి లాగింది, నిచ్చెన మెట్టుని కావలించుకుని ఆగిపోయాను. కింద నుంచి ఒక పెద్దావిడ నన్ను పిలిచి బస వైపు చెయ్యి చూపించింది. గోడ వారగా బ్యాగులు వరసగా ఉన్నాయి, కాపలా లేకుండా. అక్కడ అందరూ సామాను కింద వదిలేశాకే మొన ఎక్కుతారు. ఆ వరస నేను చూడకపోలేదు. కానీ ఇన్నేళ్ళు పరాయివాళ్ళ గాజులు మోసిన భుజం, దించమంటే వింటుందా? ఇంతకీ అందులో ఉన్నవి నా తడి మేజోళ్ళు, బిస్కెట్లు. నామీద నాకే ఒళ్ళు మండింది. దిగాను. బ్యాగు గోడకేసి కొట్టినట్టు పెట్టి మళ్ళీ ఎక్కాను. ఈసారి వెనక్కి లాగేదేమీ లేదు.

మొన మీద చిన్న చెక్క గుడి, చుట్టూ పొగమంచు. ఇంకేమీ కనబడలేదు. నా ప్రార్థన నేను చేసుకుని కాసేపు కూర్చున్నాను. చాలా సంతోషంగా ఉంది నాకు.

"అంత దూరం పోయి ఏం చూశావు?" అన్నాడు అన్నయ్య, నేను జెద్దా తిరిగొచ్చాక ఫోన్లో.

"పొగమంచు. బాగుంది."

మరుసటి ఏడు మళ్ళీ సెలవొచ్చింది. అక్క పొట్లంతో వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"ఈసారెక్కడికే?"

"ఇంటికే అక్కా."

ఆవిడ ముఖం విప్పారింది. పొట్లం చాపింది. నేను చెయ్యి చాపలేదు.

"ఇదేం చోద్యమే? సౌదీ నుంచి చేతులూపుకుంటూ పోతావా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"చేతులూపుకుంటూనే పోతానక్కా. అనుకోనీ."