ఎల్బీ నగర్ రోడ్డు మీద చెల్లె పొయ్యి

మొన్న వాన తగ్గేదాకా దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద నిలబడితే, ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు తయారుచేసి ఇస్తామనే బోర్డు ఎదుటి గోడ మీద కనిపించింది. కొనుక్కుపోయి చూపిస్తే చాలట, చెయ్యి కాల్చుకునే పనే లేదు. తొమ్మిదో తరగతిలోనే బడీ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం కనుక ఆ చదువు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు గానీ, ఒక ప్రాజెక్టును నెత్తిన మోసిన అనుభవం మాత్రం ఉంది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసేవాణ్ణి. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన మా నేతగాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మా చెల్లె. తక్కువ కట్టెలతో, పొగ లేకుండా మండే ఇనుప పొయ్యి దాని చివరి ఏడాది ప్రాజెక్టు. మర్నాడే బయటి కాలేజీ సారు పరీక్షకు వస్తాడు, జనం మధ్య వండిన ఫోటోలు కూడా చూపించాలి. పొయ్యి పాడైతే ఇంకొకటి చేసే వ్యవధి లేదు, ఏడాది పోయినట్టే.

ఆ రోజు బంద్. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు, అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినే నిరసన. చెల్లెకు అంతకంటే మంచి చోటు దొరకదనిపించింది, ఆటోలు లేవు కనుక పొయ్యి నా నెత్తికెక్కింది.

అక్కడ ఒకవైపు డప్పులు, ఒకవైపు లాఠీలు. పోలీసులు ఎప్పుడు లేపుతారో తెలియదు. నల్గొండ నుంచి వచ్చి మా పక్కింట్లో ఉండే పెద్దమ్మ ఆ పొయ్యి చూసి ముచ్చటపడి, చెల్లె నోరు తెరిచేలోపే నలుగురు మోసుకొచ్చిన, ఊరందరికీ అన్నం వండే పెద్ద గంజును దాని మీద పెట్టించింది. చెల్లె లెక్కలేమో ఒక్క ఇంటికి అన్నం వండే గిన్నెకు వేసినవి. అయినా మంట పొగ లేకుండా లేచింది, జనం చప్పట్లు కొట్టారు, నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను, అంతలో చెల్లె మొహం పాలిపోయింది. పొయ్యి కాలు వంగుతోంది. చుట్టూ ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు.

"గంజు దించుండ్రి! అందరు దూరం జరుగుండ్రి!"

"ఏంది బిడ్డా, బియ్యం పోసినంక దించమంటవా? పోలీసోళ్ల కన్న ముందు నువ్వే లేపుతున్నవా మమ్ముల?" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు.

"తప్పు నాదే పెద్దమ్మా. ఇది గింత బరువు మొయ్యదు. పడితె పిల్లలు కాలిపోతరు."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమ్మ కొంగు చేతికి చుట్టుకుంది, నేను చొక్కా విప్పి పట్టుకున్నాను, నలుగురం కలిసి గంజు లేపి పక్కన దించేసరికి పొయ్యి ఒరిగిపోయి, అప్పటిదాకా ఆడవాళ్లు కూర్చున్న చోటంతా నిప్పులు చెదిరాయి. తరువాత ఆ అన్నం రాళ్ల పొయ్యి మీద, కావలసినంత పొగతో ఉడికింది.

ఆ సాయంత్రం పొయ్యి కాలు సాపు చేయించి రంగు పూయిస్తానంటే, "వద్దన్నా, గిట్లనే చూపిస్త" అంది చెల్లె. పరీక్షలో ముందుగా ఆ వంకర కాలే చూపించి, వండేవాళ్లు మనం లెక్కవేసుకున్న గిన్నె పెట్టరు, వాళ్ల ఆకలికి సరిపోయే గిన్నె పెడతారని చెప్పిందట. మార్కులు అంతంతమాత్రమే అయినా పాసయింది.

ఇప్పుడు ఆ చౌరస్తా మీద వంతెన, కింద సొరంగం; ఎవరి మొహం ఎవరూ చూడకుండా దాటిపోతాం. ఆ రోజు అన్నం ఉడకగానే పెద్దమ్మ మొదటి విస్తరి మా చెల్లె ముందు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. నేను చెప్పే ఇలాంటి కబుర్లకు నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, నలుగురిలో తప్పు ఒప్పుకున్న పిల్లకు ముందుగా అన్నం వడ్డించే రోడ్డు మాత్రం నాకు మళ్లీ కనిపించలేదు.