పాచికల మీద చెయ్యి

ఆట నడిపే టీచరక్క అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది పాచికలను మూసిన ఆమె అరచెయ్యి. బళ్ళారి రోడ్ల మీద మైన్సు లారీలు తెంపు లేకుండా తిరిగే రోజులవి. ఆదివారం చర్చి అయ్యాక ఒక కాంట్రాక్టరు మేడగదిలో నలుగురం చేరేవాళ్ళం. ఆమె కథ చెప్పేది. మాలో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. అది ఏం చేస్తుందో మనమే చెప్పి పాచిక వెయ్యాలి. ఒకరి పాత్ర తరఫున ఇంకొకరు మాట్లాడితే ఆమెకు ఒళ్ళు మండేది.

నాకు నత్తి. నా మాటలు పూర్తి చేసిపెట్టడం అందరికీ అలవాటు. ఆ రోజు నా సిపాయి కోట తలుపు ముందు నిలబడ్డాడు. నేను "నా... నా..." అంటుండగానే మాతో ఆడే కాంట్రాక్టరు కొడుకు అందుకున్నాడు.

"వీని సిపాయి పారిపోతాడక్కా. ఎయ్యమను."

ఆమె పాచికలు మూసింది. "ఆయప్ప మాట ఆయప్పే చెప్పల్ల. నువ్వు మాట్లాడకుండా సుమ్మనుండప్పా."

"ఈ రూము మాది, తెల్సునా?"

"రూము మీదేలేప్పా. సిపాయి ఆయప్పోడు."

"నా సిపాయి తలుపు తంతాడు" అని నేను ముగించేదాకా ఆ చెయ్యి కదల్లేదు. పాచిక వేశాను. అన్నిటికంటే తక్కువ, ఒకటి పడింది. సిపాయి చచ్చాడు.

ఆ గది మాకు మళ్ళీ దొరకలేదు. కానీ ఆ సాయంత్రం మోక రోడ్డు వెంట నడుస్తుంటే ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి చెప్పాలనిపించింది, నా సిపాయి నా మాట మీదే చచ్చాడని.