కారు కిందనుంచి మా ఆయన గొంతు

మా ఆయన కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా కారు కదల్లేదు. షెడ్డులోంచి బయటికి తీద్దామని ఆయన ముందు తలుపు పట్టుకుని, నేను వెనక డిక్కీ మీద చేతులు ఆనించి ఎంత నెట్టినా అంగుళం జరగలేదు. హ్యాండ్‌బ్రేక్ దించేశాడు, గేరు తీసేశాడు, అయినా అంతే. వెనక చక్రాలు రెండూ నేలలో పాతేసినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి.

అది పాత డీజిల్ కారు. కువైట్ పోకముందు దాన్ని టాక్సీగా తిప్పేవాడు. చిత్తూరు నుంచి కాణిపాకం, తిరుపతి, శ్రీకాళహస్తి. దేవుళ్ళే మాకు అన్నం పెట్టారు. తరవాత పదిమంది ఎక్కే వ్యాన్లు వచ్చాక నలుగురెక్కే మా బండిని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అందరూ పోతున్నారని ఈయనా గల్ఫ్‌కు పోయాడు. అక్కడ ఒకరింట్లో కారు నడిపే పని. మన కారు అమ్మేద్దామని మా అత్త అంటే మాత్రం ఒప్పుకోలేదు. తిరిగొచ్చి నడుపుకుంటానన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను అన్నాళ్ళూ ఉన్నాను.

చక్రాలు బిగుసుకుపోవడానికి కారణం మా భక్తి. నడిపే మనిషి ఊళ్ళో లేకపోయినా ఆయుధపూజకు బండి బోసిగా ఉండకూడదని మా అత్త పట్టు. ఆ రోజు నేను బిందెలతో నీళ్ళు మోసి కారు కడిగేదాన్ని. ఆవిడ చక్రాలను మరీ శ్రద్ధగా కడిగించేది, దేవుడి పాదాలకు చేసినట్టు చేయమనేది. మా షెడ్డు నేల వీధివైపు వాలుగా ఉంటుంది గనక బండి జారకుండా హ్యాండ్‌బ్రేక్ రెండు చేతులతో లాగేదాన్ని. తరవాత పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదు. మరునాడు ముట్టుకోవలసిన మనిషి ఊళ్ళో లేడు. తడి తడిగానే బ్రేకులు బిగిసి, తుప్పు పట్టి, అలాగే ఉండిపోయాయి.

ఆయన గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. చక్రం లోపలివైపు బ్రేకు డ్రమ్ము అంచున ఎండిపోయిన పసుపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తకు వినపడకుండా నాతో అన్నాడు, "ఇంత గెట్టిగా మొక్కితే ఇంగ యాడ కదుల్తాది మే?"

ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నాకు కారు కదలనందుకు సంతోషంగా ఉంది.

సెలవు రెండు నెలలు. తరవాత ఏమిటన్నది నేను అడగలేదు, అడిగితే పోతానంటాడేమోనని భయం. ఆ పని ఊరు మొత్తం నా బదులు చేసింది. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి బాగుండావా అనైనా అనకముందే, మళ్ళీ పయనం ఎప్పుడని అడుగుతారు. పాలవాడు అడిగాడు, మంగలి అడిగాడు, ఎదురింటి రిటైరైన టీచరు గోడ మీదనుంచి వంగి మరీ అడిగాడు. అందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పాడు, సూడాల అని. ఆ మాటను నేను పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా అర్థం చేసుకునేదాన్ని. ఇప్పుడు ఒళ్ళంతా మసి పూసుకుని బండి కింద పడుకున్నాడంటే నడుపుకోవాలనే కదా. పోయేవాడికి బ్రేకులెందుకు? అలా నాకు నేను సమాధానం చెప్పుకుని ఆ రోజు వంకాయ పులుసు రెండింతలు చేశాను.

మెకానిక్‌ను పిలవలేదు. తన బండి బ్రేకుల మీద వేరేవాళ్ళ చెయ్యి పడితే ఆయనకు నిద్ర పట్టదు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనకవైపు జాకీతో లేపి, చక్రాలు ఊడదీశాడు. హ్యాండ్‌బ్రేక్ తీగ వదులు చేశాడు. డ్రమ్ము మీద చెక్క ఆనించి సుత్తితో చుట్టూ కొట్టాడు. ఒకే చోట గట్టిగా కొడితే డ్రమ్ము పగులుతుందట. కొట్టి, ఆగి, చేత్తో లాగి చూసి, మళ్ళీ కొట్టి. నేనైతే ఆ ఓపికకు సగంలోనే సుత్తి విసిరేసేదాన్ని. చివరికి డ్రమ్ము వంటింటి మూకుడంత బరువుతో ఆయన చేతుల్లోకి ఊడి వచ్చింది.

లోపల నల్లటి దుమ్ము. నేను ఉఫ్‌మని ఊదబోతే చేయి అడ్డం పెట్టి, ఆ దుమ్ము ఛాతీలోకి పోతే మంచిది కాదని, తడిగుడ్డతో తుడిచాడు. నెలవంకల్లాంటి రెండు షూలు డ్రమ్ముకు లోపలినుంచి ఒరుసుకుంటేనే బండి ఆగుతుంది. ఒకవైపు వాటి మీది లైనింగు పట్టీ రేకులాగా పలచబడింది. రెండోవైపు బ్రేకు ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు చీకిపోయి, ఆయిలు కారి, లైనింగు నూనెలో ముంచిన దోసెలా ఉంది. ఆయిలు తాగిన లైనింగు ఎంత రుద్దినా మళ్ళీ పనికిరాదని, కొత్తవి వేయాలన్నాడు.

ఆ సామాన్లకు తిరుపతికి బస్సులో పోయాం. నన్ను రమ్మనలేదు, నేనే చీర మార్చుకుని చెప్పులేసుకున్నాను. పెళ్ళయినాక మేమిద్దరమే, పక్కపక్కన, ఏ గిరాకీ లేకుండా తిరుపతికి పోవడం అదే మొదలు. కారులో పోయినప్పుడల్లా వెనక ఎవరో ఒకరు గోవిందా అంటూ ఉండేవాళ్ళు. టాక్సీ రోజుల నుంచి తెలిసిన షాపాయన షూల పెట్టె, రబ్బర్లు, స్ప్రింగులు గాజుబల్ల మీద పెడుతూ అడగనే అడిగాడు, మళ్ళీ ఎప్పుడు పయనమని. ఈయన నావైపు చూడకుండా కొత్త స్ప్రింగును వేళ్ళతో లాగి చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు పొద్దున పాత దుమ్మంతా తుడిచి, డ్రమ్ము లోపల గరుకు కాగితంతో రుద్ది, కొత్త షూలు వేశాడు. స్ప్రింగులు ఎక్కించేటప్పుడు ఆయన నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. అన్నీ బిగించాక నన్ను పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. రబ్బర్లు మార్చినప్పుడు పైపుల్లో గాలి చేరుతుంది, ఆ గాలి ఉంటే బ్రేకు మెత్తగా దిగబడుతుంది. దాన్ని తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైన తొక్కాలి, ఒకరు కింద మర విప్పి గాలి వదిలి, మళ్ళీ బిగించాలి.

"తొక్కు మే."

తొక్కాను.

"అట్లే పట్టుకో. ఎత్తద్దు." కొంతసేపటికి, "ఆ, వదులు."

నేను ఆ సీట్లో కూర్చుని ఏడ్చాను. ఆయనకు తెలీదు. కువైట్ నుంచి ఫోను వచ్చినప్పుడు ఎదురింటి టీచరు హాల్లో నిలబడి మాట్లాడేదాన్ని. నేను ఒక మాటంటే అది అక్కడికి పోయి, ఆయన మాట ఇక్కడికి వచ్చేలోపు నేను ఇంకో మాట అనేసేదాన్ని. ఇద్దరి మాటలూ గుద్దుకుని, ఏంది ఏందని అడుక్కోవడంతోనే ఫోను అయిపోయేది. ఇప్పుడు ఆ గొంతు నా కాళ్ళ కిందనుంచి, అప్పటికప్పుడు వస్తోంది. గాలి అయిపోకూడదని అనుకున్నాను. పైపుల్లో ఇంకా ఇంకా గాలి ఉండాలని, సాయంత్రం దాకా అలా తొక్కుతూ వదులుతూ ఉండాలని అనుకున్నాను.

ఇది రాస్తున్న ఈ రోజుల్లో మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కువైట్ వదిలేసి వచ్చి చాలా కాలమైంది. మంచివాడే, టీవీ ముందు కూర్చుని తను చూడని సీరియల్ కథ కూడా నాకు చెబుతాడు. కానీ నాకు కావలసింది ఆ రోజు కారు కింద ఉన్న మనిషి. అప్పుడు నాకు ముప్ఫై కూడా నిండలేదు, ఆయన చేతుల మీద వెంట్రుకలు ఇంకా నల్లగా ఉండేవి. ఆ వయసులో మేము కలిసి ఉండవలసిన రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు గాలి తీశాక చక్రాల సర్దుబాటు. షూలను చక్రం పట్టేదాకా బిగించి, నన్ను బ్రేకు తొక్కమని, మళ్ళీ కొద్దిగా వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి చెవి ఆనించి విన్నాడు. హ్యాండ్‌బ్రేక్ తీగ జోలికి మాత్రం అన్నీ అయ్యాకే పోయాడు. షూలు సరిచేయకుండా తీగ బిగిస్తే పైకి గట్టిగానే ఉంటుందట, లోపల మాత్రం ఏమీ పట్టదట. చివర్లో హ్యాండ్‌బ్రేక్ లాగితే నాలుగైదు టిక్కులకే చక్రాలు కట్టేసినట్టు ఆగిపోయాయి, దించగానే తేలిగ్గా తిరిగాయి.

సెలవు అయిపోవస్తుండగా మా అత్తను వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం పోయొచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక ఎత్తు ఎక్కుతూ, సగంలో బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, రెండు కాళ్ళూ పైకెత్తి చూపించాడు. బండి ఇసుమంత కూడా వెనక్కి జారలేదు. మా అత్త వినాయకుడికి దణ్ణం పెట్టింది. నేను ఆయన ముఖం చూశాను. అంత గర్వంగా బండి నిలబెట్టినవాడు దాన్ని వదిలిపోడని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఇంటికి వచ్చేదాకా ఎవరెవరిని గిరాకీకి అడగాలో, ముందు సీటు చినుగులు ఎప్పుడు కుట్టాలో మనసులో అనుకుంటూ కూర్చున్నాను.

షెడ్డులో బండి పెట్టి, ఆయన హ్యాండ్‌బ్రేక్ దించేశాడు. గేరులో వేసి దిగి, గోడవార ఉన్న ఇటుక తెచ్చి వెనక చక్రానికి అడ్డంగా తోశాడు. రేపు పొద్దున తీయాలి కదా, ఇటుకెందుకని అడిగాను.

ఆయన చక్రం దగ్గర కూర్చునే ఉన్నాడు, తల ఎత్తలేదు. "శానా దినాలు నిలబెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఎయ్యగూడదు మే. మళ్ళా పట్టుకపోతాది."

"శానా దినాలంటే?"

"ఇంగో రెండేండ్లకు సంతకం పెట్టే వచ్చినా."

నాకు కోపం రాలేదు. వాలు నేల కదా, ఒక చక్రానికి అడ్డం పెడితే చాలదు. గోడవారకు పోయి రెండో ఇటుక నేనే తెచ్చిచ్చాను.