పాత పడుగు కొస

మా ఆడబిడ్డ పోయింది. ఆ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, ఎక్కడ పొంగుతాయోనని పక్కనే నిలబడి ఉన్నాను. వనపర్తి దవాఖాన నుంచి మా ఆయన ఫోను చేశాడు. ముందు గదిలో చోటు చేసి పెట్టమన్నాడు, అంతే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి చాలాసేపటికి, వాసన వచ్చాక తెలిసింది. పుట్టినప్పటి నుంచి ప్రతిదానికీ ముందే భయపడే మనిషిని నేను. వానకు భయం, ఎండకు భయం, తాళం వేశానో లేదోనని భయం. దీనికి మాత్రం భయపడాలని తోచలేదు. తను నాకన్నా చిన్నది కదా.

నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. తన గురించి ఎవరో ఒకరు రాయాలి కదా, ఆ ఎవరో నేనైతే ఏమవుతుందని మొదలుపెట్టాను.

మాది గద్వాల. మగ్గం ఇల్లు. ముందు గదిలో మా ఆయన చీర నేస్తుంటాడు, నేను నూలు కండెలు చుడతాను. మా ఆడబిడ్డ హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో చాలా ఏళ్లు పని చేసి, ఇంటి నుంచే చేయవచ్చని కంపెనీ వాళ్లు అన్నాక మా దగ్గరికి వచ్చేసింది. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుంది. తన కంప్యూటర్‌లో బొమ్మలు ఉండేవి కావు, రంగులూ ఉండేవి కావు. నల్లటి తెర, దాని మీద ఒక చిన్న గీత మినుకుమినుకుమంటూ. మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏంది పిల్లా, ఖరాబైందా?"

"ఖరాబు గాలే వదినా. నేనేం చెప్తనో అని చూస్తున్నది."

"తప్పు చెప్తే?"

"తప్పే చేస్తది. నీ లెక్క ఎదురు అడగది గద."

దాన్ని షెల్ అంటారట. మాట కొడితే పని చేస్తుంది. అలాంటి మాటలను వరుసగా రాసిపెడితే స్క్రిప్టు అంటారట, ఒక్క పేరు చెబితే అన్ని పనులూ వరుసగా చేసుకుపోతుందట. ఎక్కడో ఎవరో రాసిన స్క్రిప్టు తప్పు దారి పడితే, ఎక్కడ పడిందో వెతికి పట్టుకోవడం మా ఆడబిడ్డ పని.

మధ్యాహ్నాలు అలా గడిచేవి. ముందు గదిలో మగ్గం చప్పుడు, వెనక గదిలో తన వేళ్ల చప్పుడు, మధ్య గడపలో నేను. కండె తిరుగుతూ ఉంటే కళ్లు మూతలు పడేవి. సగం నిద్రలో ఏ చప్పుడు ఏ గదిదో తెలిసేది కాదు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే చీర నేస్తున్నట్టు ఉండేది. ఇప్పటికీ ఆ వేళకు కళ్లు మూస్తే రెండు చప్పుళ్లూ వినిపిస్తాయి.

ఒక్కోసారి ఆ తెర మీద గబగబా పెద్ద వరుసలు వచ్చి పడేవి. తనను తిడుతోందేమోనని నాకు భయం.

"తిడ్తలేదు వదినా. ఏడ నొప్పి లేస్తున్నదో చెప్తున్నది. మొదటి మాట వినకుంట ఆఖరి మాట పట్టుకుంటేనే మనకు పరేషాను."

ఫోనులో కంపెనీ వాళ్లకు కూడా ఇంత నెమ్మదిగానే చెప్పేది. ఏదైనా తీసేయమని యంత్రానికి చెప్పే ముందు, ఏమేం తీసేస్తావో ముందు చదివి వినిపించమని అడగండి అనేది. అది వినిపించాక, సరిగ్గా ఉంటేనే తీసేయమనండి అనేది. ఆ మాట విన్నప్పుడల్లా, బయలుదేరేముందు సంచిలో ఏమేం పెట్టానో పైకి చదువుకునే నా అలవాటు గుర్తొచ్చి కొంచెం ధైర్యంగా ఉండేది.

ఖాళీ దొరికినప్పుడు పాత చీరల అంచులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది. గద్వాలలోనూ అయిజలోనూ తెలిసిన ఇళ్లకు పోయి, పెట్టెల అడుగున ఉన్న చీరలు తీయించి ఫోటోలు పట్టేది. ఒక్కొక్క దానికి పేరు. ఒకసారి "నెమలి అంచు" తెరవమంటే యంత్రం నెమలి లేదు, అంచూ లేదు పొమ్మంది. తను పడి పడి నవ్వింది.

"మనం రెండు మాటల పేరు పెడితే ఇద్దరు మనుషులనుకుంటది వదినా. అటు ఇటు కొటేషన్లు పెట్టాలె."

"మూటగట్టినట్టా?"

"గట్లనే. విప్పితే చెల్లాచెదురు."

ఆ అంచుల్లో మా అత్తది ఒకటి ఉంది, చిలుకల అంచు. ఆమె సొంతంగా గీసుకొని నేయించుకున్నది. చీర కట్టి కట్టి పీలికలైపోయింది. ఒక్క జానెడు ముక్క మిగిలితే దాన్ని చూసుకుంటూ మా ఆడబిడ్డ ఒక్కో గడీ నింపుతూ కంప్యూటర్‌లో గీసింది. తర్వాత ఆ ముక్క కూడా పొడి పొడిగా రాలిపోయింది. ఆ అంచు ఇక లోకంలో మరెక్కడా లేదు.

మగ్గం ఇంటి వాళ్లకు తెలిసిన ఒక పని చెప్పాలి. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయి చీరలు కోసుకున్నాక, మగ్గం మీద పాత పోగుల కొస కొంత ఉంచేస్తాం. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద రాసుకొని, పాత పోగుకు కొత్త పోగు పెట్టి మెలితిప్పి అతుకుతాం. ఒక్కొక్కటీ. పాత కొస లేకపోతే పోగులన్నీ మగ్గం పళ్ల సందుల్లో మొదటి నుంచి దూర్చుకోవాలి. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ అతుకులు నావే. అందుకే, తను కొత్తగా చిన్న డిస్క్ కొని, అంచుల నకళ్లున్న పాత పెన్‌డ్రైవ్‌ను తుడిచేసి వేరే పనికి వాడతానంటే నేను ఊరుకోలేదు.

"కొత్తది అతికినవో లేదో, పాత కొస ఎట్ల కోస్తవ్ పిల్లా? ఉండనియ్యి దాన్ని."

"అబ్బ, నీ పోరు పడలేక చస్తున్న వదినా. ఏడ పెట్టమంటవ్?"

"పప్పు డబ్బల."

"చారుల పడ్తదేమో చూడు మల్ల!"

నవ్వుకుంటూనే పెట్టింది.

ఆ తర్వాత కొంతకాలానికి ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం అయిజ నుంచి వచ్చింది. సంచి మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కొని బల్ల ముందు కూర్చుంది. డిస్క్‌లోకి వెళ్లి, అక్కడి పాత నకళ్లు ఊడ్చేసి, కొత్త నకళ్లు పెట్టమని తాను రాసుకున్న స్క్రిప్టు పేరు కొట్టింది.

"ఐపోయింది. ఊడ్చేసింది వదినా."

నేను కండె ఆపాను. సంచి నోట్లోంచి డిస్క్ వైరు వేలాడుతూ కనిపించింది.

"డిస్కు సంచిలనే ఉన్నట్టున్నది గద పిల్లా?"

తను తిరిగి సంచి చూసింది, మళ్లీ తెర చూసింది. ముందు గదిలో మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది. తెర మీది వరుసలు వేలితో చూపిస్తూ మెల్లగా అంది.

"డిస్కులకు పొమ్మన్న. డిస్కు లేదు, పోలేకపోయింది. పోలేదని ఒక మాట అన్నది గానీ ఆగలేదు. ఉన్నకాడనే, అసలు అంచులున్న కాడనే ఊడ్చింది. మన ఇంటినే ఊడ్చుకున్నం వదినా. డిస్కుల అమ్మ అంచు ఎక్కియ్యనే లేదు. ఇయ్యాల ఎక్కియ్యాలె అనుకున్న. అమ్మ అంచు పోయింది."

అంతకుముందు తను ఏడవగా నేను చూడలేదు. లేచి వంటింట్లోకి పోయాను. కందిపప్పులో చెయ్యి పెట్టి వెతికాను, వేళ్లకు తగిలేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. పెన్‌డ్రైవ్ తీసి, ఊది, కొంగుతో తుడిచి ఇచ్చాను. తెర మీద చిలుకలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. తను కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంక నీ భయాన్ని ఏమన్న అంటే అడుగు వదినా."

"యంత్రం గింత మోసం చేస్తదా పిల్లా?"

"యంత్రం ఏం చేసింది? గడప దాటినవా అని అడగకుంటనే ఊడువుమన్న నేను. తప్పు నా రాతల ఉన్నది."

అప్పటికప్పుడు స్క్రిప్టు దిద్దింది. పొమ్మన్న మాట పక్కన రెండు నిలువు గీతలు గీసి, పోలేకపోతే అక్కడే ఆగిపో అని రాసింది. ఆ రెండు గీతలు నాకు గుమ్మానికి రెండు పక్కల కంబాల్లా కనిపించాయి. అది చాలలేదు తనకు.

"నీ లెక్క అడిగేటట్టు గుడ పెడ్త," అంది.

ఒంట్లో బాగాలేదని తెలిశాక, వనపర్తి పోయే ముందు రోజు నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది. మీటల మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు కుంకుమ బొట్లు పెట్టి, వాటి వరుసా, ఆఖరున నొక్కే పెద్ద మీటా నేర్పింది. స్క్రిప్టు పేరు "కొస".

"శుక్రారం శుక్రారం నువ్వే కొట్టాలె. కొత్త అంచులు గీసి పెట్టిన, డిస్కుల లేవవి."

"నాతోని గాదు పిల్లా. అంతా పోతే? అత్త అంచు పోతే?"

"పోదు. అడుగుతది. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు, గంతే."

దినాలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక శుక్రవారం వచ్చింది, అప్పటిదాకా ఒక్కసారీ కొట్టలేదు నేను. మా ఆయన వెనక గది గుమ్మంలో నిలబడి, "ఎవరు చూస్తరు దాన్ని ఇంక, బంద్ చేసి బట్ట కప్పు," అన్నాడు. మాటలో కోపం లేదు. ఆ కుర్చీ చూడలేక అన్నాడు.

నేను పోయి కూర్చున్నాను. డిస్క్ పెట్టాను. వైరు సరిగ్గా పట్టిందో లేదోనని మళ్లీ లాగి పెట్టాను. బొట్లు ఎండి రాలి మసకగా ఉన్నాయి. ఒక్కో అక్షరం వెతికి నొక్కాను. చివరి మీట మీద వేలు పెట్టాను. నొక్కేశాను.

తెర మీద తెలుగు వచ్చింది. ఆ నల్ల తెరకు మన అక్షరాలు సరిగా రావు. గుడులు ఒకచోట, కొమ్ములు ఒకచోట, ఒత్తులు పక్కకు జరిగి ఉన్నాయి. అయినా చదవగలిగాను.

"వదినా, డిస్కు పెట్టినవా?"

"పెట్టిన పిల్లా," అని పైకే అన్నాను. అవుననే మీట నొక్కాను.

"పాత కొస ఉన్నదా?"

నాకు తెలుసు, ఉంది. అయినా లేచి వంటింట్లోకి పోయి, పప్పు డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి తడిమి చూసి వచ్చాను. ఎంతసేపు పట్టిందో. గీత మినుకుమినుకుమంటూ నా కోసం అట్లాగే ఉంది. తొందరపెట్టలేదు.

"ఉన్నది."

నొక్కాను. అంచుల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీద కింద నుంచి పైకి పోతున్నాయి. నెమలి అంచు. రుద్రాక్ష అంచు. తను అయిజలో పట్టినవి. నేను ఎన్నడూ వినని పేర్లు, ఆఖరి రోజుల్లో గీసినవి. అన్నిటికన్నా చివర చిలుకల అంచు. ముందు గదిలో మగ్గం మొదలైంది. నేను కళ్లు మూసుకొని కూర్చున్నాను. ఒడిలో నా బొటనవేలూ చూపుడువేలూ, బూడిద లేకుండానే, మెల్లగా మెలితిప్పుతూ అతుకుతున్నాయి.